ఫిస్కే పేరు కింద సుబ్బారావు

సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చు సంపుటాలను తిరగేసినవాళ్లకు వాటి బరువు ఇంకా గుర్తుండే ఉంటుంది. ఒక్కొక్క సంపుటాన్నీ రెండు చేతులా పట్టి కిందికి దించుకోవలసిందే. అట్ట ఎంత గట్టిదో లోపలి కాగితం అంత ఉల్లిపొర. పేజీ నిండా సన్నని నిలువు వరుసలు, భూతద్దం ఉంటే తప్ప పోల్చుకోలేని చిన్న అక్షరాలు. నేను మద్రాసులో ఒక పరిశోధనా సంస్థ గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరింది 1980ల మొదట్లో. అడయారు వైపు సముద్రపు గాలి. నవంబరు వానల్లో ఆ కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయేవి. వేలితో విడదీస్తే చిరుగుతాయని సన్నని వెదురు బద్ద ఒకటి నా బల్ల సొరుగులో ఉంచుకునేదాన్ని.

ఆ పుస్తకం ఏమిటో ఈ తరం వాళ్లకు కాస్త చెప్పాలి. మామూలు సూచికలో ఒక శాస్త్రవేత్త పేరు వెతికితే ఆయన ఏమేమి రాశారో తెలుస్తుంది. ఇందులో వెతికితే ఆయన రాసినదాన్ని తరువాత ఎవరెవరు వాడుకున్నారో తెలుస్తుంది. ఏ పరిశోధన వ్యాసం చివరైనా, రచయిత తాను ఆధారపడిన పాత వ్యాసాల పట్టిక ఇస్తాడు కదా. అలా పేర్కొనడమే సైటేషన్. వేలాది పత్రికల్లోని అటువంటి పట్టికలన్నిటినీ పోగుచేసి, తిరగేసి, ఒక్కొక్క పాత వ్యాసం కింద దాన్ని పేర్కొన్న కొత్త వ్యాసాలను పేర్చితే ఈ సంపుటాలు తయారవుతాయి. ఫిలడెల్ఫియాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ఈ ఆలోచన బయటపెట్టి, 1960లలో దాన్ని పుస్తక రూపంలోకి తెచ్చారు. పాత వ్యాసం చేత్తో పట్టుకుని ముందుకు నడవడానికి అంతకుముందు వేరే దారి లేదు.

మా సంస్థలో ఆ సంపుటాలకు ఒక గోడ మొత్తం ఇచ్చారు. వాటి దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం ఎక్కువగా ప్రమోషన్ల కాలంలోనే వచ్చేవాళ్లు. చిన్న కాగితం మీద తమ పేరు, ఇనీషియల్స్ రాసి ఇచ్చి, “ఎన్ని సైటేషన్లు ఉన్నాయో లెక్క కట్టి పెట్టండి, సాయంత్రం వస్తాను” అనేవాళ్లు. లెక్క కట్టి పెట్టేదాన్ని. అంకె చూసుకుని కొందరి ముఖం వెలిగేది, కొందరు రెండోసారి చూడమనేవాళ్లు. ఎవరు పేర్కొన్నారు, ఎందుకు పేర్కొన్నారు, ఏ శాఖవాళ్లు పేర్కొన్నారు అని అడిగినవాళ్లు చాలా తక్కువ. నాకేమో ఆ వరుసలను చదవడమే ఇష్టంగా ఉండేది. ఒక వ్యాసం ప్రయాణమంతా అందులో కనిపిస్తుంది. ఎక్కడ పుట్టింది, ఏ ఊరి ప్రయోగశాల దాన్ని అందుకుంది, ఏ శాఖలోకి దాటింది, ఎక్కడ ఆగిపోయింది, అన్నీ ఉంటాయి. అంకె ఒక్కటీ చూసి పుస్తకం మూసేస్తే అదంతా పోతుంది.

జీవరసాయన విభాగంలో తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ ఉండేవారు. నేను ఆయన్ని మాస్టారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవారు. ఆయన తన పేరుతో ఎప్పుడూ లెక్క అడగలేదు. ఒకసారి ఒక చీటీ ఇచ్చి, “అమ్మాయ్, ఈ వ్యాసాన్ని కొత్త సంపుటంలో ఎవరెవరు వాడారో చూసి చెప్పు. తొందరేమీ లేదు” అన్నారు. చీటీ మీద ఇలా ఉంది: ఫిస్కే, సుబ్బారావు, జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, సంపుటి 66, పేజీ 375, 1925.

సుబ్బారావు అన్న పేరు చూడగానే ఆగిపోయాను. మా పశ్చిమ గోదావరి జిల్లా పిల్లలకు ఆ పేరు చిన్నప్పటి నుంచే తెలుసు. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు. మా ఊరు పాలకొల్లు దగ్గర కాబట్టి ఆయన్ని మావాడు అనుకోవడానికి మాకు ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. అంతపెద్ద మనిషి వ్యాసం నా చేతికి పనిగా వచ్చిందన్న ఉత్సాహంతో, బోస్టన్‌లోని హార్వర్డ్‌లో ఆయనతో పనిచేసిన ఫిస్కే సంగతి పక్కనపెట్టి నేరుగా ‘ఎస్’ అక్షరం సంపుటం దించాను. సుబ్బారావు వై. అన్న పేరు ఉంది. దాని కింద వరుసలు మాత్రం చాలా కొద్ది. 1945లో కాలేయసారం మీద రాసిన ఒక సమీక్షా వ్యాసం, దాన్ని పేర్కొన్న కొద్దిమంది. 1925 వ్యాసం లేదు. ఫాస్ఫరస్ మీద చేసిన పని ఏదీ లేదు.

తరువాత ‘ఎఫ్’ అక్షరం సంపుటం దించాను. ఫిస్కే సి.హెచ్. అన్న పేరు కింద 25, జె బయోల్ కెమ్, 66, 375 అని ఒక వరుస. దాని కింద పేర్లు మొదలయ్యాయి. నిలువు వరుస అడుగు దాకా వెళ్లాయి, పక్క వరుసలోకి ఎక్కాయి, అక్కడా నిండి మళ్లీ పక్కకు పోయాయి. అరవై ఏళ్ల కిందటి వ్యాసాన్ని ఒకే ఒక్క ఏడాదిలో అంతమంది వాడుకున్నారు. ఆ సంపుటాల్లో ఒక నియమం ఉంది. పేర్కొన్న పాత వ్యాసం ఎప్పుడూ మొదటి రచయిత పేరు కిందే కనిపిస్తుంది. రెండోవారికి, మూడోవారికి అక్కడ చోటు లేదు. ఉద్యోగంలో చేరినప్పుడే ఆ నియమం నాకు నేర్పారు. దాని అర్థం ఎంత పెద్దదో ఆ రోజు తెలిసింది.

ఆ వరుసలను నేను చీటీలో అడిగినట్టు రాసుకోవడమే కాక, పత్రికల పేర్లను బట్టి విడదీశాను. వైద్య పత్రికలు ఒక వైపు, మొక్కల శాస్త్రం ఒక వైపు. ఎంజైములు, కణ పొరలు, కీటకాలు, చేపలు, సూక్ష్మజీవులు, ఎలుక కాలేయం. ఇంత దూరదూరపు శాఖలవాళ్లందరికీ 1925 నాటి వ్యాసంతో ఏమి పని అని మాస్టారినే అడిగాను. “రేపు మధ్యాహ్నం ల్యాబుకు రా అమ్మాయ్, చెప్పడం కంటే చూపించడం నయం” అన్నారు.

వెళ్లాను. వరుసగా గాజు పరీక్ష నాళికలు నిలబెట్టి ఉన్నాయి. కొన్నింటిలో తెలిసిన మోతాదులో ఫాస్ఫేటు ఉంది, కొన్నింటిలో ఎలుక కాలేయం నుంచి తీసిన ద్రవం. అన్నీ నీళ్లలాగే ఉన్నాయి, ఏది ఏదో చెప్పలేము. మాస్టారి విద్యార్థి ఒక్కొక్క దానిలో ఆమ్లం కలిపిన అమ్మోనియం మాలిబ్డేటు వేశాడు. ఏమీ మారలేదు. తరువాత గోధుమరంగు సీసాలోంచి మరో రసాయనం కొలిచి చుక్కలు వేశాడు. అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమట అది. మొదటి నాళికలో అడుగు నుంచి నీలం లేచింది. పక్కదానిలో ఇంకొంచెం ముదురుగా, ఆ పక్కదానిలో ఇంకా ముదురుగా. ఫాస్ఫేటు ఎంత ఉంటే నీలం అంత. రంగు ముదురును యంత్రంలో కొలిస్తే ఫాస్ఫరస్ ఎంత ఉందో తెలిసిపోతుంది. అంతే పద్ధతి. అంతకుముందు ఇలాంటి కొలతకు పెద్ద శ్రమ, పెద్ద నమూనా కావలసి వచ్చేదట. ఇక్కడ కొద్ది చుక్కల రక్తం, కొద్ది నిమిషాలు చాలు.

“ప్రాణం ఉన్న ప్రతిదానిలో ఫాస్ఫరస్ ఉంది” అన్నారు మాస్టారు. “ఎముకలో ఉంది, డీఎన్ఏలో ఉంది, కణాల పొరల్లో ఉంది, కండరం కదిలే శక్తిలో ఉంది. కాబట్టి దాన్ని కొలవడం తేలిక చేసినవాడు అందరి ల్యాబుల్లోకీ వెళ్తాడు. మొక్కల మనిషికి కావాలి, రక్తం పరీక్షించే డాక్టరుకీ కావాలి.” ఆ తరువాత ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు పద్ధతి కంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. ఫిస్కే, సుబ్బారావు కండరం రసంలో ఈ పరీక్ష చేస్తుంటే నీలం రావలసినంత త్వరగా రాలేదట. కాసేపటికి నెమ్మదిగా ముదిరింది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసేవారు. వాళ్లు ఆ ఆలస్యాన్ని పట్టుకున్నారు. కండరంలో ఏదో పదార్థం ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేటును విడుదల చేస్తోందని గుర్తించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి నమ్మకం దానితో కదిలిపోయింది. ఆ తరువాత 1929లో, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని వేరుచేశారు. చాలా పాఠ్యపుస్తకాల్లో లోమాన్ పేరు ఒక్కటే కనిపిస్తుందని చెప్పి మాస్టారు కాసేపు ఊరుకున్నారు.

అప్పుడు నేను ట్రిప్లికేన్‌లో మా పెద్దమ్మ గారింట్లో ఉండేదాన్ని. రోజూ బిగ్ స్ట్రీట్ మీదుగా నడిచి బస్సు ఎక్కేదాన్ని. ఆ వీధిలోని హిందూ హైస్కూలు ఎర్ర కట్టడం పక్కనుంచే వెళ్లేదాన్ని. రాజమండ్రిలో తప్పి, చివరికి మూడో ప్రయత్నంలో సుబ్బారావు మెట్రిక్ గట్టెక్కింది ఆ బడిలోనే అని మాస్టారు చెప్పేదాకా నాకు తెలియదు. ఆ తరువాత ప్రెసిడెన్సీ కాలేజీ, మద్రాసు మెడికల్ కాలేజీ. సెంట్రల్ స్టేషనుకు ఎదురుగా ఉన్న ఆ మెడికల్ కాలేజీలోనే ఆయన ఖద్దరు శస్త్రచికిత్స అంగీ వేసుకుని సర్జరీ ప్రొఫెసర్ కోపానికి గురయ్యారు. చదువంతా బాగా రాసినా ఎంబీబీఎస్ బదులు చిన్న పట్టా ఎల్ఎంఎస్ ఇచ్చారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. 1920ల తొలి సంవత్సరాల్లో మామగారి సాయంతో ఓడెక్కి బోస్టన్ చేరారు. ఒక మనిషి చదువు తాలూకు ఆనవాళ్లు మద్రాసులో ఇన్ని చోట్ల ఉన్నాయి. ఊరికి సెలవుకి వెళ్లేముందు సెంట్రల్‌లో రైలెక్కేటప్పుడు ఆ కాలేజీ గోడ వైపు ఒకసారి చూడటం అలవాటైపోయింది నాకు.

అక్కడి నుంచి నా సొంత పని మొదలైంది. ఆఫీసు పని అయిపోయాక, దీపాలు ఆర్పేలోపు మిగిలే సమయంలో సుబ్బారావు గారి జీవితమంతా ఆ సంపుటాల్లో వెతికాను. ఆయన ఏ పని ఎవరి పేరు కింద ఉందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. హార్వర్డ్‌లో చేసిన పనిలో ఎక్కువ భాగం ఫిస్కే కింద దొరికింది. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టరయ్యారు. ఆ కాలపు పనిని వెతకడం ఇంకా కష్టం. ఫోలిక్ ఆమ్లం నిర్మాణం, తయారీ మీద 1946లో ‘సైన్స్’లో వచ్చిన వ్యాసానికి 16 మంది రచయితలు. పేర్లు రెండు జట్లుగా, ఒక్కొక్క జట్టులో అక్షర క్రమంలో పేర్చడం వల్ల మొదటి పేరు యాంజియర్‌ది. సుబ్బారావు ఏడోవారు. కాబట్టి సూచికలో అది యాంజియర్ ఆర్.బి. కింద ఉంది.

ఆ ఫోలిక్ ఆమ్లం వెనక ఆయన సొంత దుఃఖం ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకూ అదే జబ్బు పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. ఉష్ణదేశాల్లో వచ్చే ఆ స్ప్రూకి, గర్భిణుల్లో వచ్చే ఒక రకం రక్తహీనతకీ ఫోలిక్ ఆమ్లమే మందు. 1931లోనే లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో ఈ రక్తహీనతకు ఈస్టు సారంతో గుణం కనిపించిందని రాశారు. ఆ సారంలోని పదార్థం ఏమిటో అప్పటికి తెలియదు. పదిహేనేళ్ల తరువాత అది ఒక సీసాలో పసుపుపచ్చని పొడిగా దొరికింది. ఇప్పుడు మన దేశంలో ప్రతి గర్భిణికీ ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే. ఆ మాత్ర మింగేవాళ్లు ఎవరినీ పేర్కొనరు, పేర్కొనవలసిన పనీ లేదు. అందుకే ఏ సూచికా దాన్ని లెక్కపెట్టలేదు.

ఫోలిక్ ఆమ్లం నిర్మాణం చేతికి వచ్చాక, దాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాలను లెడర్లీలో తయారుచేశారు. అందులో ఒకటి అమైనోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. అది 1948 జూన్‌లో అచ్చయింది. మందుతో పిల్లల లుకేమియాను వెనక్కి నెట్టవచ్చని మొదటిసారి తెలిసింది అప్పుడే. ఈ రోజు కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. సూచికలో మాత్రం అదంతా ఫార్బర్ ఎస్. కింద వెతకాలి. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ డగ్గర్ బి.ఎమ్. కింద. సుబ్బారావు నడిపిన ప్రయోగశాలలోనే పుట్టింది అది. ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. మళ్లీ దాన్ని వెతకాలంటే పేరు పెట్టినవారి దగ్గరికి వెళ్లాలి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ కదిలించింది హ్యూయిట్ ఆర్.ఐ. కింద దొరికింది. ఫైలేరియాకు మందు కనిపెట్టిన 1947 నాటి వ్యాసం అది, రచయితల్లో సుబ్బారావు ఉన్నారు. మా నాయనమ్మకు బోదకాలు. మా గోదావరి డెల్టా పల్లెల్లో ఆ రోజుల్లో ఇంటికొకరికి ఉన్నట్టే ఉండేది. ఆరోగ్యశాఖ వాళ్లు లాంతర్లు పట్టుకుని రాత్రిపూట వచ్చి మా అందరి వేళ్లూ పొడిచి గాజు పలక మీద రక్తం తీసుకువెళ్లడం నాకు బాగా గుర్తు. ఆ క్రిమి పిల్లలు రాత్రిళ్లే రక్తంలోకి వస్తాయని, అందుకే పగలు రారని చాలా ఏళ్ల తరువాత తెలిసింది. ఆ తరువాత అందరికీ మాత్రలు పంచారు, హెట్రజాన్. నాయనమ్మ కాలు అప్పటికే వాచి గట్టిపడిపోయింది, దాన్ని ఏ మాత్రా వెనక్కి తేలేకపోయింది. మా తరంలో మా ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు రాలేదు. ఆ మందు ఎవరిదో తెలియకుండానే మేమందరం మింగాము. మద్రాసు గ్రంథాలయంలో కూర్చుని హ్యూయిట్ అన్న పేరు కింద ఆ వరుస కనిపించిన రోజు, ఇంటికి వెళ్లి పెద్దమ్మకు చెప్పాను. ఆవిడ వెంటనే మా నాన్నకు ఇన్‌లాండ్ లెటర్ రాసింది.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో పోయారు. గార్ఫీల్డ్ సూచిక అప్పటికి ఆలోచనగా కూడా లేదు. తన వ్యాసాన్ని ఎవరెవరు ఎంతకాలం వాడుకుంటారో చూసుకునే అవకాశమే ఆయనకు లేకపోయింది. తరువాత గార్ఫీల్డ్ ఎక్కువ సైటేషన్లు పొందిన వ్యాసాల జాబితాలు వేసినప్పుడు 1925 నాటి ఆ వ్యాసం వాటిలో చేరింది. ఆ జాబితా ఉన్న కరెంట్ కంటెంట్స్ సంచికను నేనే మాస్టారి గదికి తీసుకువెళ్లి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, “వరుసలో రెండు పేర్లూ వేశాడు, చూశావా” అన్నారు. ఆయనకు కావలసింది అదే.

మద్రాసులోనే ఇంకో ఉదాహరణ ఉంది, సుబ్బారావు గారి కథకు పూర్తిగా ఎదురు దిశలో. మా సంస్థకు కొద్ది దూరంలోనే గిండీలో మద్రాసు విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం ఉండేది. జి.ఎన్. రామచంద్రన్ 1952లో ముప్ఫై ఏళ్లయినా నిండకముందే దానికి అధిపతిగా వచ్చారు. ఇరుగుపొరుగునే కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ. అక్కడి నుంచి కంగారూ తోక స్నాయువు తెప్పించుకుని ఎక్స్‌రేలతో పరీక్షించి, మన చర్మానికి, ఎముకలకు ఆధారమైన కొల్లాజెన్ మూడు పేటల మెలిక అని 1954, 1955ల్లో గోపీనాథ్ కర్తాతో కలిసి ‘నేచర్’లో రాశారు. ఆ నిర్మాణంలో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా వచ్చాయని ఇంగ్లండ్ నుంచి క్రిక్, రిచ్ విమర్శించారు. రామచంద్రన్ ఆ విమర్శను సవాలుగా తీసుకుని, అసలు రెండు పరమాణువులు ఎంత దగ్గరకు రావచ్చో మొదటి నుంచీ లెక్కకట్టించారు. దానిలోంచి వచ్చిందే 1963 నాటి ఐదు పేజీల వ్యాసం. రామచంద్రన్, శశిశేఖరన్, రామకృష్ణన్ రచయితలు. ప్రోటీను గొలుసు ఏ కోణాల్లో వంగగలదు, ఏ కోణాల్లో వంగలేదు అన్నది ఒక చదరపు పటం మీద చూపించారు. అదే రామచంద్రన్ ప్లాట్.

సూచికలో ఆ వ్యాసం రామచంద్రన్ జి.ఎన్. కింద ఉంటుంది. ఆయన పేరు కింద వరుసలు చదవడం నాకు పండుగ. ప్రోటీను రసాయనం, తోళ్ల పరిశోధన, కీళ్ల జబ్బులు, చక్కెర గొలుసుల నిర్మాణం, అన్నీ వచ్చేవి. వాటి మధ్యలో హఠాత్తుగా రేడియాలజీ పత్రికలు. మొదట ఎవరో వేరే రామచంద్రన్ అనుకుని సరిచూశాను. ఆయనే. 1971లో లక్ష్మీనారాయణన్‌తో కలిసి, ఎక్స్‌రే నీడల నుంచి లోపలి ఆకారాన్ని తిరిగి కట్టే లెక్క ఒకటి రాశారు. సీటీ స్కాన్ యంత్రాల గణితానికి దగ్గరి బంధువది. ఒక్క మనిషి చేసిన పని ఇన్ని శాఖల్లోకి వెళ్లిందని ఆ ఒక్క పేజీ చెబుతుంది. కానీ అదే పేజీలో శశిశేఖరన్ లేరు, రామకృష్ణన్ లేరు. ఆ పటం కోసం చేసిన కోణాల లెక్కలన్నీ ఈనాటి కంప్యూటర్ల సాయం లేకుండా చేసినవి. ఆ శ్రమ చేసినవారి పేరుతో వెతికితే ఆ వ్యాసం దొరకదు. సుబ్బారావు గారికి జరిగినదే వారికీ జరిగింది. అందుకే అంకెల కోసం వచ్చే యువ పరిశోధకులకు నేను ముందు ఆ నియమం చెప్పేదాన్ని. మీ పేరు కింద ఏమీ లేకపోతే మీ మొదటి రచయిత పేరు కింద చూద్దాం రండి అనేదాన్ని.

ఇంకో సంగతి కూడా ఆ వరుసలే నేర్పాయి. ఎక్కువ సైటేషన్లు వచ్చేది ఎక్కువగా పద్ధతులు నేర్పిన వ్యాసాలకే. ప్రోటీను కొలిచే విధానం మీద లోరీ, ఆయన సహచరులు 1951లో రాసిన వ్యాసానికి మూడు లక్షలకు పైగా వచ్చాయి. డీఎన్ఏ నిర్మాణం చెప్పిన వాట్సన్, క్రిక్ వ్యాసం దాని దరిదాపుల్లో కూడా లేదు. ఒక భావన మరీ మన సొంతమైపోతే దాన్ని ఎవరూ పేర్కొనరు. పద్ధతి విషయంలో మాత్రం ఎవరిది వాడామో రాయాలి కాబట్టి పేర్కొంటారు. కొన్నాళ్లకు పద్ధతి కూడా చేతులు మారుతుంది. కణ పొరల్లోని కొవ్వులో ఫాస్ఫరస్ కొలవడానికి బార్ట్‌లెట్ 1959లో ఫిస్కే, సుబ్బారావుల రసాయనాన్నే తీసుకుని కొద్దిగా మార్చారు. ఆ తరువాత ఆ రంగంవాళ్లు బార్ట్‌లెట్‌ని పేర్కొనడం మొదలుపెట్టారు. వరుస తగ్గింది, నీలం తగ్గలేదు. రామచంద్రన్ ప్లాట్‌కీ ఇదే జరిగింది. ఇప్పుడు ప్రోటీన్ల నిర్మాణాలను భద్రపరిచే ప్రోటీన్ డేటా బ్యాంకులో ఏ ప్రోటీను నిర్మాణం చేర్చినా దానితో వచ్చే తనిఖీ నివేదికలో రామచంద్రన్ పటానికి ఎంత శాతం సరిపోయిందో ఉంటుంది. 1963 నాటి వ్యాసాన్ని పేర్కొనవలసిన అవసరం లేనంతగా అది రోజువారీ పనిలో కలిసిపోయింది. నా ఉద్దేశంలో ఒక శాస్త్రవేత్తకు దక్కగల మర్యాదల్లో అది చాలా పెద్దది. ఏ కమిటీ దరఖాస్తులోనూ దానికి గడి లేదు.

1990లలో సీడీలు వచ్చాయి, ఆ తరువాత అంతా తెర మీదికి వెళ్లింది. పని వేగమైంది, నిజమే. కానీ తెర మీద అడిగింది ఒక్కటే వస్తుంది. నిలువు వరుసలో కన్ను జారినప్పుడు పక్కన కనిపించే అనుకోని పేరు ఇప్పుడు కనిపించదు. మాస్టారు రిటైరై తెనాలి వెళ్లిపోయారు. వెళ్లేముందు నా నోటుపుస్తకాన్ని అడిగి తీసుకుని, జిరాక్సు తీయించుకుని, అసలుది నాకే తిరిగి ఇచ్చారు. దానిలో ఆయన పెన్సిలుతో అక్కడక్కడా దిద్దుబాట్లు చేశారు. కొన్నిచోట్ల పత్రిక సంపుటి అంకె తారుమారైతే ఆ వ్యాసానికి సూచికలో విడి వరుస ఏర్పడిందని గుర్తించింది ఆయనే. 375వ పేజీ 357గా పడితే చాలు, ఆ సైటేషన్లు అసలు వరుసలో చేరవు.

ఇప్పుడు మా మేనకోడలు బెంగళూరులో పరిశోధన చేస్తోంది. క్రితం వేసవిలో చెన్నై వచ్చినప్పుడు తన కంప్యూటర్‌లో ఒక పెద్ద డేటాబేస్ తెరిచి, “అత్తా, నీ సుబ్బారావు గారిని చూడు” అంది. ఆ 1925 వ్యాసం పక్కన ఇప్పుడు ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కొత్త సైటేషన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. కానీ సుబ్బారావు పేరు కలిపి రాసినచోట ఒక మనిషిగా, విడదీసి రాసినచోట ఇంకొక మనిషిగా, ఇనీషియల్ తప్పినచోట మూడో మనిషిగా ఆయన అక్కడ విడివిడిగా ఉన్నారు. ఇలాంటివి సరిచేయమని అడగడానికి ఒక ఫారం ఉంటుందని మేనకోడలు చూపించింది. అప్పటి నుంచి నా పాత నోటుపుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే రాసి పంపుతున్నాను. పంపినవాటిలో కొన్ని కలిపారు. యాంజియర్ వ్యాసంలో ఏడో పేరుకు ఇంకా జవాబు రాలేదు. పేజీ అంకె తప్పుపడిన వరుసలు చాలా ఉన్నాయి. మాస్టారి పెన్సిలు గుర్తుల ఆధారంతో వాటి జాబితాను మేనకోడలూ నేనూ కలిసి తయారుచేస్తున్నాం.